గూట్లో పురుగు ఏమైంది?

భాగవతం 11వ స్కంధంలో అవధూత యదుమహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. అందులో దీపంలో పడే పురుగు ఉంది, తేనెటీగ ఉంది, చివర్న ఓ కందిరీగ కూడా ఉంది. అది పురుగుని తెచ్చి గూట్లో పెడితే, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని కందిరీగ అయిపోతుందట. దేన్ని ధ్యానిస్తే అదే అవుతామని తాత్పర్యం. గురువు శిష్యుణ్ణి తనంతవాణ్ణి చేస్తాడనడానికీ ప్రవచనాల్లో ఈ భ్రమరకీట న్యాయమే చెబుతారు.

మా పెరటి గోడకి రెండు రకాల మట్టిగూళ్ళున్నాయి. మట్టిముద్ద విసిరికొట్టినట్టుండేది సన్ననడుం కందిరీగది; దాన్నిండా సాలీళ్ళే. బుల్లికుండకి మూతి తీర్చినట్టుండే రెండోదాంట్లోకే గొంగళిపురుగులు వెళ్తాయి. మా నిమ్మమొక్క మీద ఉండే, ముట్టుకుంటే నారింజరంగు కొమ్ములు బయటపెట్టి కంపుకొట్టే లావుపాటి సీతాకోకచిలుక పిల్లలు కావు. పచ్చగా, సన్నగా ఉండేవి. తల్లి కందిరీగ ముందు గూటి లోకప్పుకి సన్నటి పోగుతో గుడ్డు వేలాడదీస్తుంది. తర్వాత పురుగుల్ని కుట్టి, చావకుండా, కదల్లేకుండా చేసి లోపల కుక్కి మూతి మూసేస్తుంది. చస్తే కుళ్ళిపోతాయి మరి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని తాజాగా తిని, రెక్కలొచ్చాక గోడ తొలుచుకుని వస్తుంది. లోపలికి పురుగు వెళ్ళింది, బయటికి కందిరీగ వచ్చింది. పెద్దలు చూసింది చూసినట్టే చెప్పారు. మధ్యలో గూడు మూసి ఉంది, అంతే.

ఇలాంటి కందిరీగల్నే తలుచుకుని డార్విన్ 1860లో వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకి ఉత్తరం రాశాడు: బతికున్న గొంగళిపురుగుల్ని లోపల్నుంచి తినమని దయగల దేవుడు వీటిని కావాలనే పుట్టించాడంటే తనకి నమ్మబుద్ధి కావట్లేదని. మనకి ఆ చిక్కు రాదు, కర్మ అనేస్తాం. పురుగుకి మాత్రం ఏం ఒరిగింది?

పోలిక తప్పినంత మాత్రాన ధ్యానం వట్టిదైపోదు. నా గొడవల్లా శిష్యుడి గురించి. కదలకుండా కూర్చో, నాలా అయిపోతావంటే ఇప్పుడు నాకు ఆ కుండలోపలే కనిపిస్తోంది. అసలు అవధూత మాత్రం 24 మంది దగ్గర నేర్చుకుని ఒక్కరి గూట్లోనూ కూర్చోలేదు. చూశాడు, తన దారిన తను పోయాడు.

ఈ మాటే మా మామయ్యగారితో అన్నాను. ఆయన ఊరుకుంటారా? "శిష్యుడు పురుగని ఎందుకనుకోవాలమ్మా, ఆ గుడ్డే శిష్యుడేమో!" అన్నారు.

"మరి లోపల కుక్కిన పురుగులెవరు మామయ్యగారూ, చందాలిచ్చినవాళ్ళా?" అన్నాను.