పెట్టెను నిందింపకముందు



యోబు స్నేహితులు ముగ్గురు ఏడు దినములు అతనియొద్ద నేలమీద కూర్చుండి నోరు మెదపలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాత, లోపల పాపమున్నది గనుకనే యీ శ్రమ వచ్చెనని విచారింపక తేల్చివేసిరి. దేవుడు వారిమీద కోపించెనని 42వ అధ్యాయములో చదువుచున్నాము.

బేతంచెర్లలో బండలు మోయు పాత డీజిలు బండ్ల విషయములోను ఇట్టి తీర్పు సులభముగా పుట్టును. కామన్‌రైలు ఇంజనుకు డీజిలు ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో నిర్ణయించు కంప్యూటరు పెట్టె యొకటి యున్నది. దానిని ఈసీయూ అందురు. బండి దారిలో ఆగును, కొంతసేపటికి దానంతటదే లేచును. స్కానరు తగిలించినను జవాబు రాదు. వెంటనే “పెట్టె పోయినది” అందురు. ఆ మాటకు వెల యున్నది. కిస్తీలు కట్టుకొను డ్రైవరు ఆ వెల మోయవలెను. ఎక్కడనో పాత పెట్టె కొని తెచ్చినను, కొన్ని బండ్లలో తాళపుచెవి గుర్తును దానితో కలుపనిదే ఇంజను లేవదు.

తెలిసిన మెకానికు మొదట బ్యాటరీ చూచును. స్టార్టరు తిరుగునప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9 వోల్టులకు పడిపోయిన, పెట్టె సరిగా మేలుకొనకపోవచ్చును. తరువాత ఫ్యూజులు, రిలే, ఎర్తు తీగ. రాతిపొడి తేమను పట్టియుంచును, గతుకులు బోల్టును వదులు చేయును. తీగ పైకి బాగుగానే కనబడును.

అటుపిమ్మట మరియొకటి యున్నది. పెట్టె అనేక సెన్సార్లకు 5 వోల్టులు పంపును. వాటిలో ఒక్కటి షార్టయిన ఆ 5 వోల్టులు పడిపోయి, మంచి సెన్సార్లు కూడ తప్పు చెప్పును, పెట్టెయే చచ్చినట్లుండును. మెకానికు మీటరు చూచుచు ఒక్కొక్క ప్లగ్గు ఊడదీయును. ఏది తీయగా 5 వోల్టులు తిరిగి వచ్చునో, దోషము ఆ సెన్సారులోనో దాని తీగలోనో యున్నది. ఒక్క అవయవపు నొప్పి శరీరమంతటికిని చెందునని పౌలు కొరింథీయులకు వ్రాసినది జ్ఞాపకము వచ్చును. అయితే పౌలు ఆ అవయవమును ఊడదీయుమనలేదు, పోలిక అంతవరకే.

నిజముగా పెట్టెయే చెడుటయు కలదు. నీరు చొరబడవచ్చును, వేడికి టంకము చీలవచ్చును, మిక్కిలి పాతవాటిలో కెపాసిటరు ద్రవము కారవచ్చును. మిగిలినవన్నియు బాగున్నవని తేలిన పిమ్మటనే ఆ మాట పలుకవలెను.

ఒక ఊరంతయు దేవుని విడిచెనను వార్త వచ్చినను, ముందు లోతుగా విచారణ చేయవలెనని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. మనమో, మూడు ఆదివారములు ఆరాధనకు రానివానిని గూర్చి “విశ్వాసము పోయినది” అని గుడి మెట్లమీదనే తీర్పు చెప్పుదుము! అతని యింట జబ్బున్నదేమో. కిస్తీ తప్పి ముఖము చూపలేకున్నాడేమో. మనలో ఎవరో అన్న మాట గుచ్చుకొన్నదేమో. ఈ ఆదివారము ఇద్దరు అతని యింటికి వెళ్ళుడి. ప్రసంగము చేయకుడి. ఎట్లున్నావని అడిగి, అతడు చెప్పునంతవరకు కూర్చుండుడి.