మంచికి దారి చూపినవారు

ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) సన్నిధికి వచ్చాడు. తన సవారీ జంతువు పోయిందని, ప్రయాణానికి మరొకటి ఇప్పించమని విన్నవించుకున్నాడు. ఆ సమయంలో ఆయన దగ్గర ఇవ్వడానికి ఏ జంతువూ లేదు. ఆ మాటే చెప్పారు. అక్కడే ఉన్న మరో వ్యక్తి లేచి, వాహనం ఇవ్వగల మనిషిని తాను చూపిస్తానన్నాడు. అది విని దైవప్రవక్త (సల్లం), మంచికి దారి చూపినవానికి ఆ మంచి చేసినవానితో సమానంగా పుణ్యం లభిస్తుందని ప్రవచించారు. హజ్రత్ అబూ మస్‌ఊద్ అన్సారీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లిమ్‌లో ఉంది.

పాఠకులారా! ఈ సంఘటనలో అవసరంలో ఉన్నవాడు ఒకడు, ఇవ్వగలిగినవాడు ఒకడు. వీరిద్దరినీ కలిపినవాడు మూడోవాడు. అతని జేబులోంచి ఒక్క దిర్హమ్ కూడా ఖర్చు కాలేదు. అతనికి ఒక సంగతి తెలుసు, తెలిసినదాన్ని సమయానికి చెప్పాడు. అంతే! ఆ మాత్రానికే దానకర్తతో సమానమైన ప్రతిఫలానికి అర్హుడయ్యాడు.

నేడు మనలో దాదాపు ప్రతి ఒక్కరి చేతిలో ఒక ఫోను ఉంది. అందులో వందల పేర్లు, పదుల గ్రూపులు ఉన్నాయి. అంటే ఆ మూడోవాని పని చేసే అవకాశాన్ని అల్లాహ్ మన అరచేతిలో పెట్టాడన్న మాట. మరి ఆ అనుగ్రహాన్ని మనం దేనికి వినియోగిస్తున్నాం? ప్రళయదినాన ప్రతి అనుగ్రహం గురించీ ప్రశ్నించడం జరుగుతుందని దివ్యఖుర్ఆన్ (సూరె తకాసుర్) హెచ్చరిస్తోంది. ఆ ప్రశ్న నుంచి ఈ చిన్న యంత్రానికి మాత్రం మినహాయింపు ఉంటుందా?

మేలు చేసిన సందర్భాలు

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఇండొనేషియా, శ్రీలంక, తమిళనాడులతో పాటు మన కోస్తా గ్రామాల మత్స్యకారులనూ అది విడిచిపెట్టలేదు. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు సామాన్యుల చేతికి రాలేదు, వాట్సాప్ లేదు. అయినా ముంబయిలోని కొందరు బ్లాగు రచయితలు ఆ రోజుల్లోనే ఒక ఉమ్మడి బ్లాగు తెరిచారు. ఎక్కడ ఏ సహాయం కావాలి, ఎవరు సహాయం చేస్తున్నారు, కనిపించకుండా పోయినవారి వివరాలు ఏమిటి అన్నవి అందులో పెట్టసాగారు. ఒకరికొకరు ముఖపరిచయం లేనివారు కూడా వివిధ దేశాల నుంచి వచ్చి ఆ పనిలో చేరారు.

మూడేళ్ల తర్వాత, 2007 డిసెంబరులో, ఆఫ్రికాలోని కెన్యా దేశంలో ఎన్నికల ఫలితాలపై వివాదం రేగి హింస చెలరేగింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. లక్షలాది మంది ఇళ్లు విడిచి పారిపోయారు. ప్రభుత్వం ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించింది. ఏ ఊళ్లో ఏం జరుగుతోందో పక్క ఊరికి తెలియని స్థితి. ఆ సమయంలో ఓరీ ఒకొల్లో అనే న్యాయవాది తన బ్లాగులో ఒక ఆలోచన రాశారు. ఎక్కడ దాడి జరిగినా జనమే తెలియజేసేలా, ఆ వివరాలు ఒక పటం మీద కనిపించేలా ఎవరైనా ఏర్పాటు చేయగలరా అని అడిగారు. ఎరిక్ హెర్స్‌మన్, జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా వంటివారు ముందుకొచ్చారు. 2008 జనవరిలో, కొద్ది రోజుల్లోనే ఆ పటం సిద్ధమైంది. సామాన్యులు ఎస్‌ఎంఎస్‌ల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా తాము చూసింది చెప్పసాగారు.

దానికి వారు పెట్టిన పేరు ‘ఉషాహిది’. స్వాహిలీ భాషలో దీనికి సాక్ష్యం అని అర్థం. ఈ మాట వినగానే మన చెవికి ఏదో పరిచయమైన శబ్దం తగులుతుంది కదూ! నిజమే. అది అరబీ నుంచి స్వాహిలీలోకి వెళ్లిన మాట. మనం పఠించే కలిమయె షహాదత్‌లోని ‘షహాదత్’ మూలం కూడా అదే.

2010 జనవరి 12న హైతీ దేశం భూకంపానికి శిథిలమైనప్పుడు ఇదే ఏర్పాటు అక్కడా పనికొచ్చింది. శిథిలాల మధ్య నుంచి జనం తమ క్రియోల్ భాషలో ఎస్‌ఎంఎస్‌లు పంపారు. సహాయక బృందాలకు ఆ భాష రాదు. విదేశాల్లో స్థిరపడిన హైతీయులు ఉన్నచోటే కూర్చుని వాటిని ఇంగ్లీషులోకి అనువదించారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో విద్యార్థులు అందిన వివరాలను పటం మీద గుర్తించారు. వారు బియ్యం మోయలేదు, ఇటుకలు తొలగించలేదు. భాష తెలిసినవాడు భాషను, సమయం ఉన్నవాడు సమయాన్ని దానం చేశాడు.

సాక్ష్యం ఒక అమానతు

అయితే సోదరులారా, సాక్ష్యం అంటే చిన్న విషయం కాదు. సాక్ష్యాన్ని దాచడం హృదయాన్ని పాపభూయిష్టం చేస్తుందని సూరె బఖర బోధిస్తోంది. స్వయంగా తమకు, తమ తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే న్యాయం కోసం సాక్షులుగా నిలవాలని సూరె నిసా ఆదేశిస్తోంది. ఇక సూరె హుజురాత్ అయితే, నమ్మదగనివాడు ఒక వార్త తెస్తే దాన్ని విచారించి నిర్ధారించుకోవాలని, లేకపోతే తెలియక ఒక జనసమూహానికి హాని తలపెట్టి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరించింది. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న భావం గల హదీసు కూడా మనకు తెలిసిందే.

ఈ హెచ్చరిక ఎంత నిజమో 2018లో మన కళ్లారా చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్‌లో పాకి, తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో అనేకచోట్ల అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కోల్పోయారు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు కంటే ఎక్కువ చోట్లకు పంపకుండా కట్టడి పెట్టవలసి వచ్చింది. యంత్రానికి కళ్లెం వేశారు. మరి వేలికి కళ్లెం వేసేదెవరు?

ఇతరుల తప్పులు ఎంచడం సులభం. నా తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం రమజాన్ నెలలో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఫోనులో ఒక సందేశం ఉంది. నాలుగేళ్ల బాబుకు ఓ నెగటివ్ రక్తం అత్యవసరంగా కావాలని, తండ్రి ఫోను నంబరుతో సహా. మనసు కరిగింది. పుణ్యకార్యం కదా అని నాకున్న గ్రూపులన్నింటికీ పంపి, తృప్తిగా నిద్రపోయాను. మరునాడు ఒక మిత్రుడు ఫోను చేశాడు. అతనిది ఓ నెగటివ్. సహరీ కాగానే రక్తం ఇవ్వడానికి సిద్ధపడి ఆ నంబరుకు ఫోను చేశాడట. ఆ తండ్రే ఎత్తాడట. బాబు పోయి అయిదు నెలలైంది బాబూ, ఫోన్లు మాత్రం ఆగడం లేదు అన్నాడట.

నా మిత్రుడు నన్ను ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. ‘పంపేముందు ఒక్కసారి ఫోను చేసి చూడాల్సింది భాయ్’ అన్నాడు, అంతే. ఆ తండ్రికి క్షమాపణ చెప్పుకుందామని నంబరు నొక్కబోయి ఆగిపోయాను. నా క్షమాపణ కూడా ఆయనకు మరో ఫోనే అవుతుంది. ఆ రాత్రి నేను మేలు చేశాననుకున్నాను. నిజానికి ఒక తండ్రి గాయాన్ని నా గ్రూపుల్లో ఉన్నంతమంది చేత రేపించాను. సంకల్పం మంచిదైతే చాలదు, పని కూడా సరిగ్గా చేయాలని అల్లాహ్ నాకు అలా నేర్పాడు.

చాటడమా, దాచడమా?

మరో ప్రశ్న చాలామందిని వేధిస్తుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా దానం చేసేవాడు ప్రళయదినాన అల్లాహ్ నీడలో ఉంటాడని హదీసు చెబుతోంది కదా. మరి సేవాకార్యాలను పదిమందికీ కనిపించేలా పెట్టడం ప్రదర్శనాబుద్ధి కాదా?

దీనికి జవాబు దైవప్రవక్త (సల్లం) మసీదులోనే దొరుకుతుంది. హజ్రత్ జరీర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, ముజర్ తెగకు చెందిన కొందరు కాళ్లకు చెప్పులు లేకుండా, ఒంటికి సరైన గుడ్డ లేకుండా మదీనాకు వచ్చారు. వారి దైన్యం చూసి దైవప్రవక్త (సల్లం) ముఖం వివర్ణమైంది. నమాజు తర్వాత ఆయన దానం చేయమని ప్రజలకు ఉద్బోధించారు. అన్సారుల్లో ఒకరు మోయలేనంత బరువైన సంచీ తెచ్చి పెట్టారు. అది చూసి మరొకరు, మరొకరు. చూస్తుండగానే ఆహారం ఒక కుప్ప, బట్టలు ఒక కుప్ప అయ్యాయి. అప్పుడు ఆయన ముఖం మెరిసింది. ఒక మంచి పనికి నాంది పలికినవానికి, దాన్ని అనుసరించినవారి పుణ్యంతో సమానమైన పుణ్యం కూడా లభిస్తుందని శుభవార్త వినిపించారు.

ఆ సంచీ అందరి ఎదుటా వచ్చింది. అందుకే మిగిలిన చేతులు కదిలాయి. దానం బహిరంగంగా చేస్తే అదీ మంచిదే, గుట్టుగా పేదలకు ఇస్తే అది ఇంకా మేలని సూరె బఖర బోధ. కనుక అవసరాన్ని చాటండి, పనిని చాటండి, లెక్కను చాటండి. పుచ్చుకునేవాని ముఖాన్ని మాత్రం చాటకండి. బియ్యం సంచీ ఇచ్చి, అటువైపు ఒక వితంతువు తలవంచుకుని నిలబడి ఉంటే ఇటు పదిమంది నవ్వుతూ ఫొటో దిగి ఊరంతటికీ పంపితే, ఆ సంచీ విలువ కంటే ఆమె పోగొట్టుకున్న పరువు విలువే ఎక్కువ. ఎత్తిపొడుపుతో, మనసు నొప్పించడంతో దానాలను వృథా చేసుకోవద్దన్న దైవాజ్ఞను ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

అన్యాయాన్ని ఎలుగెత్తి చెప్పడం

సేవ అంటే పంచిపెట్టడం ఒక్కటే కాదు. దైవదౌత్యానికి ముందు మక్కాలో ఒక పరదేశి వర్తకుని సరుకు తీసుకుని ఒక పెద్దమనిషి డబ్బు ఎగవేశాడు. ఆ వర్తకుడు అబూ ఖుబైస్ కొండెక్కి తనకు జరిగిన అన్యాయాన్ని నగరమంతటికీ వినబడేలా చెప్పాడు. ఫలితంగా కొన్ని తెగలవారు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే అతని హక్కు అతనికి ఇప్పిస్తామని ఒడంబడిక చేసుకున్నారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. యువకునిగా అందులో పాల్గొన్న దైవప్రవక్త (సల్లం), ఇస్లాం వచ్చాక కూడా అలాంటి పిలుపు వస్తే అంగీకరిస్తానన్నారు. ఆ ఒడంబడిక చేసుకున్నవారు ముస్లిములు కారు. న్యాయం కోసం ఎవరితోనైనా చేయి కలపవచ్చని మనకు ఇందులో పాఠం ఉంది.

నేటి ఇంటర్నెట్ ప్రతి పేదవానికీ ఒక అబూ ఖుబైస్ కొండ లాంటిది. కానీ కొండ మీద అరిచిన వెంటనే హక్కు రాలేదు. కింద కొందరు కూడి, కదిలి, ఆ పెద్దమనిషి గడప తొక్కితే వచ్చింది. మన వీధిలో మురుగునీరు నిలిచిందని ఫొటో పెట్టి ఊరుకుంటే నీరు కదలదు. దానితోపాటు అర్జీ రాసి నలుగురి సంతకాలతో అధికారికి ఇవ్వాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. సాధారణంగా 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది.

2018 ఆగస్టు కేరళ వరదల్లో వేలాది మంది తామున్న చోటును ఇంటర్నెట్ ద్వారా తెలియజేశారు. వాలంటీర్లు రాత్రింబవళ్లు ఆ వివరాలు సరిచూశారు. కానీ చివరకు వారిని ఒడ్డుకు చేర్చింది సొంత పడవలతో వచ్చిన మత్స్యకారులే. ఒక యువకుడైతే ఆడవాళ్లు పడవ ఎక్కడానికి మెట్టుగా నీళ్లలో వంగి తన వీపునే ఇచ్చాడు. తెర మీద కదిలే వేలు ఎక్కడో ఒకచోట ఇలాంటి వీపును చేరాలి. చేరకపోతే అది కాలక్షేపమే.

మనం చేయగలిగినవి

ప్రతి మసీదు పరిధిలో నలుగురు యువతీయువకులు పూనుకుంటే చాలు, ఈ పనులు మొదలుపెట్టవచ్చు.

1. రక్తదాతల పట్టిక తయారుచేయండి. పేరు, గ్రూపుతో పాటు చివరిసారి రక్తమిచ్చిన తేదీ కూడా రాయండి. పురుషులకు మూడు నెలలు, స్త్రీలకు నాలుగు నెలల ఎడం ఉండాలి.

2. ఏ విన్నపమైనా ఒకరు ఫోను చేసి నిర్ధారించుకున్నాకే పంపండి. తేదీ, సమయం, ఊరు లేని సందేశాన్ని ముందుకు పోనివ్వకండి.

3. అవసరం తీరగానే తీరిందని అదే గ్రూపుల్లో తెలియజేయండి. విన్నపం పంపడం ఎంత బాధ్యతో, ముగించడమూ అంతే బాధ్యత.

4. వసూలైన ప్రతి రూపాయికీ లెక్క అందరికీ చూపండి. పుచ్చుకున్నవారి పేర్లు మాత్రం గుట్టుగా ఉంచండి.

5. డబ్బు లేనివారిని కూడా పిలవండి. భాష తెలిసినవారు అర్జీలు రాయగలరు, బండి ఉన్నవారు మందులు చేర్చగలరు, చదువుకున్న చెల్లెళ్లు ఇంట్లో నుంచే పిల్లలకు పాఠాలు చెప్పగలరు.

6. ఈ సేవను మతం చూసి పంచకండి. ఆకలికీ రక్తానికీ మతం లేదు.

సోదరులారా! ఆనాడు దైవప్రవక్త (సల్లం) సభలో లేచి నిలబడిన ఆ మూడో వ్యక్తి పేరు ఆ ఉల్లేఖనంలో లేదు. పేరు లేకపోయినా ఆయన చూపిన దారి పద్నాలుగు వందల ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ రాత్రి మీ ఫోనుకు ఒక విన్నపం రావచ్చు. చూసీచూడనట్టు పక్కకు తోయకండి. చూడకుండా ముందుకూ తోయకండి. ఒక్కసారి ఆ నంబరుకు ఫోను చేయండి.

మన నాలుకలనూ వేళ్లనూ సత్యానికి సాక్షులుగా నిలిపి, మన సేవను ప్రదర్శనాబుద్ధి నుంచి కాపాడి స్వీకరించుగాక అల్లాహ్! ఆమీన్.