ఎవరు చేసిన పాపం?



పుట్టుచెవిటి బిడ్డను ఎత్తుకొని పూజకు వచ్చే తల్లిని చూసి "ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అనే మాట మన అనంతపురం పల్లెల్లో ఇంకా వినబడుతూనే ఉంది. గత జన్మలను నమ్మని మనం ఆ మాటనే కాస్త మార్చి "పెద్దల పాపం పిల్లలకు తగిలింది" అంటాం. పుట్టుగుడ్డివానిని చూపి శిష్యులు ప్రభువును అడిగింది కూడ ఇదే. అతని పాపం గాని, అతని తల్లిదండ్రుల పాపం గాని కారణం కాదని ప్రభువు తేల్చి చెప్పారు. జవాబు విన్నాం గాని ప్రశ్నను వదల్లేదు.

అసలు జరిగేదేమిటి? మన కణాల్లో డి.ఎన్.ఏ. అనే సన్నని దారం ఉంది. దాని మీద తల్లి వైపు నుండి సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి వైపు నుండి అన్నే. ఎండ, పొగ, చివరకు కణంలోని నీరు కూడ ఆ దారాన్ని రోజూ దెబ్బతీస్తుంటాయి. కణం తానే బాగుచేసుకొంటుంది. ఆ మరమ్మతు తీరును కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. అయినా కొన్ని తప్పులు మిగిలిపోతాయి. తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పులు ప్రతి బిడ్డలో సుమారు 60, 70 దాకా ఉంటాయి. మేత్రాణులైనా, పశువుల కాపరి అయినా ఇంతే! వీటిలో చాలావరకు మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు. మనుషుల రంగు, రూపు ఇన్ని రకాలు కావడానికి మూలం తరతరాలుగా పోగైన ఇలాంటి మార్పులే. మన చేలల్లో వేసే వేరుశెనగనే చూడండి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వారు ఎక్స్ కిరణాలతో ఇలాంటి మార్పులు పుట్టించే పెద్ద గింజల రకాలు తీశారు. గింజను పెంచేదీ, బిడ్డ చెవిని మూసేదీ ఒకే జాతి మార్పు. పాపానికి ఇందులో చోటెక్కడ?

అయితే పాపం లేదంటే బాధ్యత లేదని కాదు. చాలా పుట్టు లోపాలు జన్యువుల జతలో రెండూ చెడితేనే బయటపడతాయి. ఒకటి బాగుంటే ఆ లోపం తరాల తరబడి దాగి ఉంటుంది. అక్క కూతుర్ని చేసుకొంటే, ఒకే పూర్వికుని అక్షరం రెండు వైపుల నుండీ బిడ్డకు చేరే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. మేనత్త, మేనమామ పిల్లల పెండ్లిలో పదహారింట ఒక వంతు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, పుట్టు లోపాలు మామూలుగా నూటికి మూడైతే, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు పెండ్లాడిన ఇళ్ళలో ఆరు. అంటే నూటికి 94 మంది బిడ్డలు బాగానే పుట్టారు. శాపమని భయపెట్టడం అబద్ధం. ఏమీ కాదనడమూ అబద్ధమే.

1983 నాటి తిరుసభ చట్టం ఈ రెండు పెండ్లిళ్ళకూ అడ్డు చెబుతుంది. మేత్రాణుల అనుమతి ఉంటే తప్ప అవి చెల్లవు. మనమేమో ఆ అనుమతిని ఒక కాగితం పనిగా చూస్తున్నాం. మేనరికం చేసే పెద్దలను నేను తేలిగ్గా నిందించలేను. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో, ఉన్న నాలుగెకరాల మెట్ట చెదరకూడదని, కూతురు ఎరిగిన ఇంట్లో అన్నం తినాలని వాళ్ళ ఆశ. కట్నం బెడద సరేసరి.

నన్ను కలవరపెట్టేది మరొకటి. సంబంధం కుదిర్చింది పెద్దలు. పిల్లను అడిగిన ఇళ్ళు ఎన్ని? లోపం బయటపడగానే నింద మాత్రం ఆమె మీదే. ఇలాంటి లోపానికి చెడిన జన్యువులు రెండు కావాలి, ఒకటి తండ్రి నుండే వస్తుంది. ఈ సంగతి అత్తగారికి ఎవరు చెబుతారు? పెండ్లి ప్రకటనలు చదివే ఆదివారం నాటికి ఆలస్యమైపోతుంది. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఒకరున్నారంటే, మళ్ళీ ఆ ఇంట్లోనే సంబంధం మాట్లాడక ముందే, పిల్లా పిల్లవాడూ ఇద్దరూ వెళ్ళి జన్యువైద్యులను అడగవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో అందుకు ప్రత్యేక విభాగమే ఉంది.