అంచు మీద ప్రేమ

ధనుర్మాసంలో తెల్లవారకముందే తిరువూరు వీధుల్లోకి వెళ్తే ఇళ్లకన్నా ముందు వాకిళ్లు పలకరిస్తాయి. కల్లాపి తడి ఇంకా ఆరి ఉండదు. దాని మీద చుక్కలు, చుక్కల చుట్టూ మెలికలు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి ముగ్గు సన్నగా జారుతూ, ఒక చుక్కను చుట్టి పక్క చుక్క వైపు మళ్లి, అలా అలా తిరిగి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. చుక్కను మాత్రం తాకదు. తాకిందా, మెలిక చెడినట్టే. చేత్తో తుడిచి మళ్లీ వేయాలి. వాకిలి అయ్యాక గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడాకులు కడతారు. చుట్టూ మామిడితోటలే ఉన్న ఊళ్లో తోరణానికి కొదవేముంది! ఇంత హంగు చూసి లోపలికి అడుగు పెడితే ఏముంటుంది? పాతకాలపు ఇల్లయితే సున్నం కొట్టిన గోడ, ఒక కేలండరు, ఒక మంచం. ఇల్లాలి చేతిలోని కళంతా గడప దగ్గరే ఆగిపోయింది.

నాగరికతలను రెండు గాటలకు కట్టడం పండితులకు పాత అలవాటు. ఒళ్లంతా నగలు దిగేసుకున్నవి ఒక గాటకి, ఒంటి మీద పూసైనా పెట్టుకోనివి ఇంకో గాటకి. మన గాలిగోపురాలను చూపించి మనల్ని మొదటి గాటకి కట్టేస్తారు. ఎదురుగా జపానును నిలబెడతారు. 1933లో జర్మనీ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ జపాను వెళ్లి, క్యోటోలోని కత్సురా భవనాన్ని చూసి మైమరచిపోయాడు. రంగు లేని కొయ్య, కాగితపు తలుపులు, గడ్డి చాపలు. ఇదే అసలు జపాను అన్నాడు. మరి నిక్కోలోని తోషోగూ? బంగారు రేకులు, రంగురంగుల చెక్కడాలు, నెమళ్లు, కోతులు, డ్రాగన్లు, ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. అది ఆయనకు గిట్టలేదు, తోసిపుచ్చాడు. ఆ రెండూ 17వ శతాబ్దంలో, ఒకే దేశంలో, ఇంచుమించు పక్కపక్క దశాబ్దాల్లో లేచాయి. ఒకదాన్ని అసలుదనీ రెండోదాన్ని తప్పుడుదనీ అనకపోతే ఆయన లెక్క కుదరదు.

వియన్నాలో అడాల్ఫ్ లూస్ 1910లో అలంకారం నేరంతో సమానమని ఉపన్యాసమిచ్చాడు. రాజప్రాసాదానికి ఎదురుగా ఆయన కట్టిన భవనంలో కిటికీల చుట్టూ నగిషీ లేదని జనం దాన్ని ‘కనుబొమలు లేని ఇల్లు’ అని ఎగతాళి చేశారు. ఆ భవనం కింది అంతస్తులకు ఆయన తాపించింది మాత్రం పచ్చని చారలు పారిన ఖరీదైన పాలరాయి. ఆశ ఎక్కడికి పోతుంది!

పరాయి ఊళ్ల మాట అలా ఉంచి మన కృష్ణ ఒడ్డుకే వద్దాం. తిరువూరుకు పడమటగా జగ్గయ్యపేటలో ధనంబోడు మీద ఒక బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ దొరికి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న చక్రవర్తి శిల్పంలో రాజు సన్నగా, పొడుగ్గా, రాతిలోంచి అరంగుళమైనా పైకి రానట్టు నిలబడి ఉంటాడు. చెయ్యెత్తితే మబ్బులోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. బంగారం వాన కురుస్తున్న దృశ్యాన్ని ఇంత పొదుపుగా చెక్కిన చేయి ఎవరిదో, ఆ చేతికి దండం పెట్టాలి.

అమరావతికి వస్తే శిల్పి చేయి మారుతుంది. పల్నాటి సున్నపురాయి మీద జనం కిక్కిరిసిపోతారు. ఏనుగులు, గుర్రాలు, నడుము వంచిన స్త్రీలు, కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు, ఊపిరాడనివ్వని పూలదండలు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలక ఒకటి ఉంది. రెండు వైపులా చెక్కిన పలక. ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న భక్తులు. బుద్ధుడు లేడు. ఎవరికి మొక్కుతున్నారో ఆ చోటును శిల్పి ఖాళీగా వదిలాడు. చుట్టూ ఉన్న చేతులన్నీ ఆ ఖాళీ వైపే జోడించి ఉంటే, లేనివాడు ఉన్నవాళ్లందరికన్నా నిండుగా ఉంటాడు. రాతిని చెక్కే మనిషికి రాతిని వదిలెయ్యడం ఎంత కష్టమో! మూడు నాలుగు వందల ఏళ్లు గడిచాక అదే పలకను తిప్పి రెండోవైపు మళ్లీ చెక్కారు. ఈసారి స్తూపమే బొమ్మ. ద్వారం మీద సింహాలు, ఆయకాలు అనే ఐదు నిలువు స్తంభాలు, పైన ఎగిరే దేవతలు, ద్వారం నడుమ మనిషి రూపంలో నిలబడ్డ బుద్ధుడు. ఇసుక వేస్తే రాలదు. ఆ నిండు ముఖం లోకానికి కనిపిస్తూ బయటికి, ఖాళీ ఆసనం ఉన్న ముఖం లోపలికి.

ఇప్పుడు ఆ రాయిని ఏ గాటకి కడతారు? ఆ రెండు ముఖాలనూ ఒకే ఊరు, ఒకే మతం, ఒకే ఏటి ఒడ్డు కన్నాయి. ఆ మాటకొస్తే స్తూపమే ఒక వింత కట్టడం. దాని లోపలికి దారి ఉండదు. నడుమ ధాతువు అనే పవిత్ర శేషం, దాని మీద మట్టీ ఇటుకా. భక్తుడు చుట్టూ తిరిగి పోవాల్సిందే. ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరిగినట్టు. శిల్పాలన్నీ ఆ తిరిగే దారి వెంటే, కంచె మీదా స్తూపం అడుగున చుట్టూరా. పద్మాలు, కథలు, జాతరలు అన్నీ అక్కడే.

ఈ కథలోకి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు రాక తప్పదు. 1790ల్లో ఆ జమీందారు అమరావతికి మకాం మార్చి కొత్త ఊరు కట్టిస్తుంటే, ఆయన మనుషులు ఇటుకా రాయీ కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వారు. ఆ దిబ్బే స్తూపం. సంగతి తెలిసి 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాతి శతాబ్దంలో పలకలు మద్రాసుకూ లండన్‌కూ తరలిపోయాయి. బేతవోలు అనే ఊరికి తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేసిందీ వెంకటాద్రి నాయుడే. అలా తెలియకుండా ఒక శిల్పసంపదను చెదరగొట్టిన మనిషే 1807-09 మధ్య మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి గుడి ముందు పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించాడు. 153 అడుగులు. సన్నగా, నిటారుగా, మెడ నొప్పి పుట్టించేంత ఎత్తు. కింద నిలబడి చూస్తే మబ్బు కదులుతోందో గోపురం వాలుతోందో తెలియదు. ఆయన్ని తిట్టాలో మెచ్చుకోవాలో నాకిప్పటికీ తేలలేదు. గోపురం కింద నిలబడ్డప్పుడు మాత్రం మెచ్చుకుంటాను.

ఇంత గోపురం కింద ఉంటే, కొండ మీద స్వామికి ఏమున్నట్టు? పానకాల నరసింహస్వామికి విగ్రహం లేదు. తెరిచిన నోరు ఉంది, అంతే. ముఖానికి లోహపు తొడుగు. అర్చకుడు శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే గుటకలు వేసిన చప్పుడు వినిపిస్తుంది. స్వామి సగం తాగి సగం మనకు వదులుతాడని భక్తుల నమ్మకం. కింద మనిషి పదకొండు అంతస్తులు కట్టాడు, పైన దేవుడు ఒక కంతతో సరిపెట్టుకున్నాడు. ఇద్దరికీ ఏ తగువూ లేదు. మెట్లెక్కి వచ్చే భక్తుడు ఆ రెంటికీ ఒకే చేత్తో మొక్కుతాడు.

‘అంచునే అలంకారం, నడుమ ఖాళీ’ అని నేను సంబరపడుతుంటే రామప్ప గుడి నా ముందుకొచ్చి నవ్వుతుంది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. చూరు కింద నల్లరాతి మదనికలు నా వాదానికి సాక్ష్యం చెబుతున్నట్టే బయటి అంచున వాలి ఉంటారు. కానీ లోపల రంగమండపం? స్తంభాలు, దూలాలు, కప్పు, ఎక్కడ చూసినా చెక్కడమే. దారం దూరేంత సన్నని కంతలు కూడా రాతిలో తొలిచారు. అక్కడ నా సూత్రం వీగిపోతుంది, ఒప్పుకుంటాను. కాకపోతే ఇంకాస్త ముందుకు వెళ్లి, నగిషీలతో బరువెక్కిన ద్వారబంధం దగ్గర తలవంచితే, లోపల చీకటి, దీపం, నున్నటి లింగం. గడప ఇంకొంచెం లోపలికి జరిగిందంతే. నా సూత్రాన్ని అలా కాపాడుకుంటాను, మీరు నవ్వితే నవ్వండి.

మన పద్యమూ ఇంతే. శ్రీనాథుడి సీసాన్ని మోసిన నాలుకే వేమన ఆటవెలదిని కూడా మోసింది, ఏ బరువూ తేడా తెలియనట్టు.

ఈ గుణం గుళ్లలోనే ఉందనుకోకండి. ఇబ్రహీంపట్నం నుంచి జగదల్‌పూర్ వైపు పోయే రహదారి తిరువూరు మీదుగానే వెళ్తుంది. దాని పక్కన కొత్తగా లేచిన డాబాలు చూడండి. ఎదురు గోడకు టైల్స్, స్టీలు రెయిలింగు, మూడు రంగులు. మేస్త్రీలు ‘ఎలివేషన్’ అనే ముచ్చటంతా రోడ్డు వైపే. పక్క గోడలకు సిమెంటు పూత కూడా ఉండదు, ఇటుకలు ఎర్రగా కనిపిస్తుంటాయి. చదువుకున్నవాళ్లు ఇది డాబుసరి అంటారు. నాకైతే ముద్దొస్తుంది. డబ్బు తక్కువైనప్పుడు అందాన్ని ఎక్కడ పెట్టాలో ఆ ఇంటాయనకు తెలుసు. లోకం కళ్లు పడే చోట పెట్టాడు.

ఆ తెలివికి నేత నేర్పిన రూపం మంగళగిరి చీర. గుంట మగ్గం మీద కాళ్లు గుంటలో పెట్టి కూర్చున్న నేతగాడు పడుగులోంచి నాడె విసురుతుంటాడు. చీర నడుమ బుటాలు ఉండవు, పువ్వు ఉండదు, ఉత్త నూలు. ఒకే రంగు బారెడు తర్వాత బారెడు సాగిపోతుంది. జరీ అంతా అంచుకే, కొంగుకే. ఆ ఉత్త నడుమ లేకపోతే ఆ జరీ అంచుకు అంత వెలుగు వచ్చేదే కాదు. అంచు లేకపోతే ఆ నూలు మామూలు గుడ్డ. రెంటినీ ఒకే పేక కలుపుతుంది; జరీ దగ్గరికి వచ్చి ఆగదు, దాని కింద నుంచి కూడా నడిచి అవతలి అంచుకు పోతుంది.

తిరువూరు బట్టల కొట్లో పెళ్లిళ్ల సీజనప్పుడు కూర్చుంటే ఇదంతా మళ్లీ కనిపిస్తుంది. గుమాస్తా చీర మడత విప్పడు. వేళ్ల మధ్య అంచు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ‘అంచు చూడండమ్మా’ అంటాడు. పెద్దామె కళ్లద్దాలు పైకి తోసి, జరీ మీద గోరు పెట్టి రుద్దుతుంది. నడుమ ఏముందో ఎవరూ అడగరు. రంగు నచ్చని పక్కింటి కోడలు మాత్రం మెల్లగా ముందుకు వంగి, ‘ఇదే అంచులో ఆకుపచ్చ ఉందా అన్నా?’ అంటుంది.