తల్లికి తనదైన కోరిక యుండవచ్చునా?

గృహస్థాశ్రమము తక్కిన మూడాశ్రమములకును ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. ఆ గృహమునకు ఆధారము గృహిణి. అందరికంటె ముందు లేచి, అందరును నిద్రించిన పిదప తాను నిద్రించు తల్లికి ఇంటివారి కోరికలన్నియు తెలియును. కుమారుని చదువు, కుమార్తె వివాహము, భర్త ఆరోగ్యము, అత్తమామల తీర్థయాత్ర - ఇవి యన్నియు ఆమె మనస్సున వరుసగా నిలిచియుండును. కాని ఆమె కోరిక యేమో ఇంటిలో నెవరికిని తెలియదు. ఒక్కొక్కప్పుడు అది ఆమెకే తెలియదు. ఇది త్యాగమా? లేక త్యాగమను పేరుగల మరపా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినను, ధర్మజిజ్ఞాస గలవారు విచారింపదగినదే.

వికారాబాదు, తాండూరు ప్రాంతములందు ఈ ప్రశ్న ప్రతి ఇంటను దాగియున్నది. తాండూరు నాపబండ ఎన్నియో ఇండ్లకు నేలయై పరచుకొన్నది. అచ్చటి కందికి 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. బండకు గుర్తింపు గలదు, పప్పునకు గుర్తింపు గలదు. ఆ కందిచేలలో కలుపు తీసి, ఆ పప్పును వండి, ఆ బండపై పీటవేసి వడ్డించు తల్లి మాత్రము తనను తాను గుర్తించుకొనుటకు తీరిక లేక యున్నది. పిల్లలు చదువులకై, ఉద్యోగములకై రైలెక్కి భాగ్యనగరమునకు పోవుదురు. వారిని పంపి తలుపు మూసిన పిదప ఆమెకు మొదటిసారిగా ఒక నిశ్శబ్దము వినబడును. ఆ నిశ్శబ్దములోనే, “ఇక నాకేమి కావలెను?” అను ప్రశ్న పుట్టును.

ముచుకుందుని నిద్ర

వికారాబాదు చెంతనున్న అనంతగిరిపై శ్రీ అనంతపద్మనాభస్వామి వెలసియున్నాడు. ఆ కొండకు ముచుకుంద మహారాజు కథతో సంబంధము గలదని స్థలపురాణము. మాంధాత కుమారుడైన ముచుకుందుడు దేవతల రక్షణకై చిరకాలము అసురులతో పోరాడెను. కుమారస్వామి దేవసేనానియైన పిదప దేవతలు అతనిని విశ్రమింపుమని చెప్పిరి. కాని అప్పటికే కాలవశమున అతని భార్యలు, పుత్రులు, బంధువులు, మంత్రులు గతించిరి. మోక్షము దక్క ఏ వరమైన కోరుకొమ్మనగా అతడు నిద్రను కోరుకొనెను.

ఎంత విచిత్రమైన వరము! స్వర్గమును కాపాడిన వీరునకు స్వర్గభోగమేదియు స్ఫురింపలేదు. అలసట తక్క అతనికి వేరొండు కోరిక మిగులలేదు. ఇతరులకై సర్వమును ధారవోసిన తల్లుల స్థితియు ఇట్టిదే. “నీకేమి కావలెనమ్మా?” అని పిల్లలు అడిగినచో, “నాకేమియు వద్దు నాయనా, కాస్త నడుము వాల్చిన చాలును” అందురు. అది వైరాగ్యమని లోకులు కొనియాడుదురు. నిజమునకు అది అలసట. వైరాగ్యము కోరికను దాటిన స్థితి. అలసట కోరుకొను శక్తియే క్షీణించిన స్థితి. రెండును పైకి ఒక్కటిగా కనిపించును గాని, ఫలమునందు భేదము కలదు.

ముచుకుందుని కథ నిద్రతో ముగియలేదు. కాలయవనుడు అతనిని మేల్కొలిపి, అతని చూపునకు భస్మమైన పిదప శ్రీకృష్ణపరమాత్మ ప్రత్యక్షమై మరల వరము కోరుకొమ్మనెను. ఈ పర్యాయము ఆ మహారాజు నిద్రను కోరలేదు, రాజ్యమును కోరలేదు. భగవంతుని పాదసేవను కోరెను. విశ్రాంతి వలన అతనికి నిజమైన కోరిక తెలిసినది. కావున తల్లికి విశ్రాంతి నొసగుట ఆమెకు చేయు ఉపకారము మాత్రమే కాదు. ఆమె ఆత్మవికాసమునకు ద్వారము తెరచుట.

దేవహూతి ప్రశ్న

తల్లి తనకై కోరుకొనవచ్చునా అను సంశయమునకు శ్రీమద్భాగవత తృతీయస్కంధము స్పష్టమైన సమాధాన మొసగుచున్నది. స్వాయంభువ మనువు కుమార్తెయైన దేవహూతి రాజభోగములను విడిచి కర్దమ మహర్షిని సేవించెను. తొమ్మండుగురు కుమార్తెలను కని, పెంచి, ఋషులకిచ్చి వివాహము చేసెను. అటుపిమ్మట భర్త సన్న్యసించి వెడలిపోయెను. ఇల్లు శూన్యమైనది. అపుడామె కుమారుడైన కపిలుని సమీపించి, తనలోని అజ్ఞానాంధకారము తొలగు మార్గమును బోధింపుమని ప్రార్థించెను.

ఇచ్చట గమనింపవలసిన విషయములు రెండు. కపిలుడు, “ఈ వయస్సులో నీకిది యేల?” అని తల్లిని వారింపలేదు. సాంఖ్యమును, భక్తియోగమును సవిస్తరముగా బోధించెను. భాగవతమునందలి మహోపదేశములలో నొకటి ఒక తల్లి తనకై అడిగిన ప్రశ్న వలననే లోకమునకు లభించినది. రెండవది, దేవహూతియు తన కోరికను చెప్పుటకు సిగ్గుపడలేదు. కుమారుని యెదుట శిష్యురాలై కూర్చుండుటకు వెనుదీయలేదు.

కపిలుడు తన బోధలో స్నేహమును గూర్చియు చెప్పెను. మనస్సునకు కలుగు సంగమే జీవునకు బంధమగును. ఆ సంగమే సాధుజనులయందు కలిగినచో మోక్షద్వారమగునని ఆతని తాత్పర్యము. సహనము, దయ, సర్వప్రాణులయందు మైత్రి సాధువుల లక్షణములుగా వర్ణించెను. తల్లులకు ఈ మాట మిక్కిలి అవసరము. వివాహముతో పుట్టినింటి చెలిమి దూరమగును. సంతానముతో చెలిమికి తీరికయే ఉండదు. భజనమండలిలో పక్కన కూర్చుండి పాడు స్త్రీయో, చేనిగట్టున సద్ది పంచుకొను స్త్రీయో తల్లికి మిగిలిన స్నేహము. ఇంటివారు దానిని పొద్దుపుచ్చుటగా తలంపరాదు. తన పేరుతో తనను పిలుచువారు ఒక్కరైన ఉండుట మనుష్యునకు గొప్ప ఆలంబనము.

కోరిక బంధము కాదా?

“కోరికలే బంధహేతువులని శాస్త్రములు చెప్పుచుండగా తల్లికి కోరికను ప్రోత్సహించుట తగునా?” అని కొందరు ఆక్షేపింపవచ్చును. దీనికి మార్కండేయ పురాణమునందలి మదాలస సమాధానము చెప్పినది. ఆమె భర్తతో వనమునకేగుచు, చిన్న కుమారుడైన అలర్కునకు ఒక ఉంగరము నిచ్చి, ఆపద వచ్చినపుడు దానిలోని లేఖను చదువుమనెను. సంగమును పూర్తిగా విడువవలెను. విడువలేనిచో సజ్జనులతో చేయవలెను. కోరికను పూర్తిగా త్యజింపవలెను. త్యజింపలేనిచో దానిని మోక్షము వైపు మరల్పవలెను. ఇదియే ఆ లేఖ సారము. మదాలస మానవ స్వభావము నెరిగిన తల్లి. కోరికను అణచుమని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. దానికి దారి చూపినది.

అణచిన కోరిక నశించునని తలంచుట పొరపాటు. అది మారువేషము ధరించును. తాను చదువలేకపోయిన చదువును కుమార్తె చదివితీరవలెనని పట్టుపట్టును. తాను త్యాగము చేసిన సంవత్సరములను కోడలియెదుట లెక్కించును. అపుడు త్యాగము అప్పుగా మారును. పిల్లలు ఆ ఋణమునకు వడ్డీ చెల్లించుచు జీవింతురు. తన కోరికను తాను గుర్తించి, ధర్మసమ్మతమైనంత మేరకు తానే నెరవేర్చుకొను తల్లి, పిల్లల భుజములపై ఆ బరువు మోపదు. ఇది స్వార్థము కాదు. సంతానమునకు ఆమె యొసగు స్వేచ్ఛ.

“కర్తవ్యములన్నియు తీరిన పిదపనే గదా దేవహూతి అడిగినది? పసిపిల్లల తల్లి యేమి చేయవలెను?” అను సంశయమును కలుగును. తెలుగునాట భండారు అచ్చమాంబ (1874-1905) జీవితము దీనికి నిదర్శనము. బాల్యవివాహమై బడి కెరుగని ఆమె, తమ్ముడైన కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా తానును నేర్చుకొనెను. కన్న బిడ్డలిరువురును గతించిన దుఃఖమును భరించి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించెను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలసి మచిలీపట్నమున బృందావన స్త్రీల సమాజమును స్థాపించెను. గృహకృత్యములు ముగియు దినమునకై వేచియుండినచో, ముప్పది యొక్క యేండ్లైనను నిండని ఆ జీవితమున ఒక్క పుటయైన వ్రాయబడియుండెడిది కాదు. ఆమె కోరికకు విద్య రూపమిచ్చినది, స్నేహము బలమిచ్చినది.

అయితే పాలు త్రాగు శిశువును విడిచి స్వప్నముల వెంట పరుగిడుమని దీని భావము కాదు. శిశువు ఆకలి ముందు ఏ కోరికయైనను ఆగవలసినదే. కాని ఆగుట వేరు, అంతరించుట వేరు. దినమునకు ఒక గడియయైన తల్లి తనకై ఉంచుకొనవలెను. ఆ గడియను ఆమెకు సమకూర్చుట భర్తకును, ఎదిగిన పిల్లలకును విధి. గుడికి వెళ్లి దీపము వెలిగించు కుమారుడు, ఇంటికి వచ్చి ఒక పూట వంట బాధ్యతను వహించినచో ఆ దీపము మరింత వెలుగును.

అనంతగిరి కొండలలో మూసీ నది జన్మించుచున్నది. దానినే ముచుకుందానది యందురు. అది తూర్పునకు సాగి భాగ్యనగరము మీదుగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఆ కొండలలోనే పుట్టిన కాగ్నా నది పడమరకు సాగి, తాండూరు ప్రాంతమును తడిపి, భీమానదిలో కలియును. ఆ భీమయు కృష్ణనే చేరును. ఒకే కొండ, రెండు దిక్కులు, ఒకే గమ్యము. తల్లి హృదయమున పుట్టు కుటుంబధర్మము, ఆత్మవికాస కాంక్ష కూడ ఇట్టివే. అవి ఎదురుబొదురుగా పోవుచున్నట్లు తోచును. రెంటిని పరిశుద్ధముగా ప్రవహింపనిచ్చినచో రెండును ఆ పరమాత్మనే చేరును. సిద్ధినొందిన దేవహూతి దేహమును నదిగా మారినదని భాగవతము చెప్పుచున్నది. నది ఎందరి దాహమునో తీర్చును. అయినను తన దారిని తాను మరువదు.

మాతృమూర్తులందరికిని అట్టి ప్రవాహబలమును, వారి మనస్సును అడిగి తెలిసికొను వినయమును సంతానమునకును అనంతపద్మనాభస్వామి అనుగ్రహించుగాక!