గులాబీ చెక్కిన గ్లాసు



18వ శతాబ్దమున ఇంగ్లండులో చేయబడిన ద్రాక్షారసపు గ్లాసులు కొన్ని మ్యూజియములలో నేటికిని కలవు. పైన చిన్న గిన్నె, క్రింద గుండ్రని పాదము, నడుమ సన్నని కాడ. కొన్నిటి కాడలో ఎఱ్ఱని, నీలపు పోగులు త్రాడు పేనినట్లు మెలితిరిగి యుండును. రంగు గాజు పుల్లలను అచ్చులో చుట్టు నిలిపి, నడుమ కరగిన గాజు నింపి, మరల కాచి, లాగుచు మెలిపెట్టెడివారు. ఎంతో ఓర్పుగల పని.

అయితే మన విషయము గిన్నెమీది చెక్కడము. కొన్నిటిపై గులాబీ పువ్వు, ప్రక్కన మొగ్గలు ఉండును. తెలియనివారికి అది పువ్వే. తెలిసినవారికి 1688లో సింహాసనము పోగొట్టుకొనిన రెండవ జేమ్సు రాజు వంశము. జార్జి రాజు ఏలుబడిలో ఆ వంశము పక్షమున బహిరంగముగా నిలుచుట ప్రాణాపాయము. కనుక విందులో అందరితోపాటు రాజునకు క్షేమమని పలుకుచు, గ్లాసును నీళ్ల పాత్ర మీదుగా త్రిప్పెడివారట. సముద్రమునకు ఆవలనున్న రాజు అని భావము. కొన్ని గ్లాసులపై 'ఫియట్' అను లాటిను మాట కలదు. 'అగునుగాక' అని అర్థము; మన ఆమేన్ వంటిదే.

నోట ఒక రాజు, మనస్సున ఒక రాజు. ఇది కపటమా? తొందరపడి తీర్పు చెప్పరాదు. ఓబద్యా అహాబు కొలువులోనుండియే నూరుగురు ప్రవక్తలను గుహలలో దాచి పోషించెను (1 రాజులు 18). అతనిని కపటి అని ఎవరందురు? అతడు దాచినది ఇతరుల ప్రాణము కొరకు. గ్లాసువారు దాచినది ఎవరి కొరకు?

దానికి జవాబు 1745లో తెలిసినది. జేమ్సు మనుమడు చార్లెసు స్కాట్లండులో దిగి, సేనతో డిసెంబరు 4న ఇంగ్లండు నడుమనున్న డెర్బీ పట్టణము చేరెను. 'అగునుగాక' అన్నవారు బయలుదేరవలసిన దినమదే. మాంచెస్టరులో సుమారు 300 మంది కూడుకొనిరి. ఇంగ్లండులోని తక్కినవారిలో బహుమంది ఇల్లు కదలలేదు. సంఘ కూటములో ఆమేన్ అని, గట్టు తగవులో బీదవాని పక్షమున సాక్ష్యము పలుకవలసిన నాడు పొరుగూరు పోవువారిని మనమును ఎరుగుదుము.

1746 ఏప్రిల్ 16న కల్లోడెను యుద్ధముతో ఆ వంశపు ఆశ అడుగంటెను. రంగు పోగుల కాడలు వాడుకలోనికి వచ్చినది సుమారు 1755 తరువాతనే. పక్షము ఓడినను గ్లాసుల సొగసు హెచ్చినది; నాకు ఇదియే బాధగా తోచును.

మాంచెస్టరు దళమునకు నాయకుడు ఫ్రాన్సిస్ టౌన్లీ. అతని పక్షము న్యాయమైనదా అని నేటికిని వాదింపవచ్చును. 1746 జూలై 30న లండనులో అతనిని ఉరితీసిరి.