వార్డు ఊడ్చే చేతులు

చిలకలగూడకు కూతవేటు దూరంలో, ముషీరాబాద్ పాత జైలు స్థలంలో 2003 నుంచి నడుస్తున్న గాంధీ ఆసుపత్రిని 2020లో కొంతకాలం పూర్తిగా కోవిడ్ రోగులకే కేటాయించినప్పుడు, వైద్యులు, నర్సులతో పాటు పారిశుధ్య కార్మికులు, ఆయాలు, వార్డుబాయ్‌లు, సెక్యూరిటీ గార్డులు కూడా ఆ గాలినే పీల్చారు. పక్కబట్టలు మార్చేవారు, స్ట్రెచర్ తోసేవారు రోగికి ఎంత దగ్గరగా మెలగుతారో, అంటువ్యాధుల గురించిన చర్చల్లో అంత దూరంగా ఉండిపోతారు. ఔట్‌సోర్సింగ్‌లో, అంటే కాంట్రాక్టరు ద్వారా కుదిరిన కొలువులో, సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుందన్న భయం ఉన్నచోట జ్వరాన్ని దాచుకొని పనికి రావడం వింతేమీ కాదు.

కోవిడ్ సద్దుమణిగినా ఈ కార్మికులకు సూది పోటు భయం పోలేదు. వాడిన సూదిని, దాని మొన బయటికి దిగని గట్టి తెల్లడబ్బాలో వేయవలసి ఉండగా, ఎవరో తొందరలో చెత్త సంచిలో పడేస్తే, ఆ సంచి మూతి ముడివేస్తున్న ఆయా పలుచని గ్లౌజును చీల్చుకొని అది వేలిలో దిగుతుంది. ఆ సూది వాడిన రోగికి ఆ వైరస్ ఉంటే, ఇలాంటి ఒక్క పోటుతో హెపటైటిస్ బి, అంటే కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ వ్యాధి, టీకా వేసుకోనివారికి సోకే అవకాశం వందకు 30 వరకు, హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి సుమారు 3 ఉంటుంది. వ్యర్థాలు ముట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి టీకా వేయించాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఆసుపత్రులను స్పష్టంగా ఆదేశిస్తున్నాయి. పోటు పడిన వెంటనే సబ్బుతో కడిగి, హెచ్‌ఐవీ నివారణ మందులను 72 గంటల లోపు, వీలైతే తొలి గంటల్లోనే మొదలుపెట్టాలి గనుక, రాత్రి షిఫ్టులో ఉన్న ఆయాకు ఆ వేళ ఏ గది తలుపు తట్టాలో ముందే తెలిసి ఉండాలి.